శనివారం కలిపిన చేతులు

“ఆగిందంటే తప్పినట్టేనా అన్నయ్యగారూ?”

జ్ఞానమ్మ ఆ మాట ఎన్నిసార్లు అడిగిందో ఆమెకే తెలియదు. ప్లీడరు వెంకటప్పయ్యగారు బాపట్ల నుంచి పొద్దుటి బండికి తెనాలి వచ్చి, వరండాలో చెప్పులు విప్పుతూనే కబురు చెప్పేశారు. ఆమె కొడుకు వరప్రసాదానికి పడిన ఉరిశిక్షని ఢిల్లీలో సుప్రీంకోర్టు ప్రస్తుతానికి ఆపింది. అప్పటి నుంచీ ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అదే అడుగుతోంది.

“తప్పలేదమ్మా, ఆగింది,” అన్నారు ప్లీడరుగారు ఓపిగ్గా. “ఇల్లలకగానే పండగ కాదు. అసలు పని ఇప్పుడే ఉంది.”

కుర్చీలో నిటారుగా కూర్చున్న జ్ఞానానందం మాస్టారు కళ్ళజోడు సవరించుకున్నారు. ఉద్యోగమున్నన్నాళ్ళూ బడిపిల్లల చేత నిజం చెప్పించిన మనిషి ఆయన. రేపల్లె వైపు లూథరన్ సంఘంలో పెద్దగా ఉండి, రిటైరయ్యాక తెనాలి చేరారు. ఇద్దరిని చంపి ఇంటికొచ్చిన కొడుకుని తానే చెయ్యి పట్టుకుని పోలీసుస్టేషనుకి తీసుకెళ్ళారు. తర్వాత కోర్టులో నిలబడి “నా దగ్గర ఒప్పుకున్నాడండి” అని సాక్ష్యం చెప్పారు. ఆయన్ని చూస్తే కొందరు లేచి నిలబడతారు, కొందరు పక్కసందులోకి తిరిగిపోతారు. రెండింటికీ కారణం అదొక్కటే.

“మాస్టారూ, కుర్రాడు చంపాడా లేదా అన్నది ఇక ఎవరూ తిరగదోడరు,” అన్నారు వెంకటప్పయ్యగారు. “గుంటూరు సెషన్సు కోర్టు చంపాడంది, హైకోర్టు అవునంది. ఢిల్లీ జడ్జీలకి వచ్చిన అనుమానమల్లా శిక్ష మీదే. నేరం రుజువైందని చెప్పిన పూటే, శిక్ష గురించి ఏమన్నా చెప్పుకుంటావా అని గుంటూరులో అడిగారు. వాడు నోరు మెదపలేదు. అప్పటికప్పుడు ఉరి రాసేశారు. అలా అడగడం కూడా ఒక అడగడమేనా అన్నారు పైవాళ్ళు. ఆ రోజు చెప్పుకోవాల్సిందేదో ఇప్పుడు ప్రమాణం మీద రాసి పంపమన్నారు.”

“చెప్పుకోవడానికి ఏముందండి?” అన్నారు మాస్టారు.

“అది మీరు చెప్పాలి. నేను హైకోర్టు దగ్గర్నుంచి కదా ఈ కేసులోకి వచ్చింది. వాడెందుకు పలకలేదో నాకిప్పటికీ తెలీదు. తీర్పులో ఏం రాశారో గుర్తుందా? చేతులు కట్టుకుని తల వంచుకుని రాయిలా నిలబడ్డాడు, పశ్చాత్తాపం జాడ కూడా లేదు అని.”

ఎందుకు పలకలేదో ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసు. గుడిలో పాపాలు ఒప్పుకున్నాక ఎవరూ ఇంకో మాట మాట్లాడరు. చేతులు కట్టుకుని తల వంచుకుని నిలబడతారు. అప్పుడు పాస్టరుగారు, మీ పాపాలు క్షమించబడ్డాయి అంటారు. ఆ మాట వినబడ్డాకే తల ఎత్తాలి. ఒప్పుకున్నవాడికి క్షమాపణ ఉంటుందని తండ్రి చెబితే నమ్మి, వరప్రసాదం జడ్జిగారి ఎదుట అన్నీ ఒప్పుకుని అలాగే నిలబడ్డాడు. ఆ మాట కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు. జడ్జిగారు వేరే మాట చెప్పారు. ఆయన్ని అనడానికీ లేదు. ఆయనకేం తెలుసు?

లోపలి నుంచి పుష్పలత కాఫీ తెచ్చింది. వరప్రసాదానికి అక్క. అతని చేతిలో చచ్చిపోయిన బర్నబాస్‌కి భార్య. ఒకే మనిషికి ఈ రెండు వరసలూ ఎలా అతికాయో దేవుడికే తెలియాలి. నాలుగేళ్ళుగా ఆమె ఈ ఇంట్లో రవికెలు కుట్టుకుంటూ, అడిగినదానికి అవుననో కాదనో అంటూ బతుకుతోంది. తమ్ముడి పేరూ ఎత్తదు, మొగుడి పేరూ ఎత్తదు.

ఆమె ఎడమచేత్తో గ్లాసు అందించింది.

వెంకటప్పయ్యగారు పట్టింపులున్న మనిషి. ఎడమచెయ్యి చూసి ఒక్క క్షణం తటపటాయించారు. తర్వాత ఆయన చూపు ఆమె కుడిచేతి మీద పడింది. ఉంగరపు వేలూ చిటికెన వేలూ పక్కకి ఒరిగి, కర్రల్లా బిగుసుకుని ఉన్నాయి.

“చేతికేమైందమ్మా?”

“ఏం లేదండి.”

“ఆ వేళ్ళు వంగవా?”

“వంగవండి.”

“ఎప్పటి నుంచి?”

పుష్పలత తల్లి వైపు చూసింది. జ్ఞానమ్మ భర్త వైపు చూసింది. మాస్టారు వీధిలో వెళుతున్న అరటిగెలల బండి వైపు చూశారు.

“చెప్పవే,” అంది జ్ఞానమ్మ.

“అది సమాధానపడిన సంగతి,” అన్నారు మాస్టారు, తల తిప్పకుండానే. “ఇప్పుడెందుకు?”

వెంకటప్పయ్యగారు కాఫీ తాగకుండా గ్లాసు కింద పెట్టేశారు.

“మాస్టారూ, సమాధానపడటం అంటే ఏంటో నాకు తెలీదు, మా ఇళ్ళల్లో లేదు. నాకు తెలిసింది సాక్ష్యం. నీ భర్త నిన్ను కొట్టేవాడా అని ఈ అమ్మాయిని కోర్టులో అడిగారు. లేదండి అంది. అల్లుడితో మీకేమన్నా గొడవలున్నాయా అని మిమ్మల్ని అడిగారు. లేవండి అన్నారు. ఆ రెండు ముక్కలూ పట్టుకునే కదా, క్రిస్మస్ పండగ నాడు బావ పదిమందిలో చెంపమీద కొట్టాడన్న కక్షతో, వరికుప్ప దగ్గర నిద్రపోతున్న బావనీ, అడ్డం లేచిన ఆయన తండ్రినీ నరికాడు, ఇంతకంటే ఘోరం ఉండదు అని రాశారు. బావ ఎందుకు కొట్టాడో ఎవరూ చెప్పలేదు. కుర్రాడేం అడిగితే కొట్టాడు?”

పుష్పలత గోడకి ఆనుకుని నిలబడింది. ఆమె గొంతు మామూలుగానే ఉంది.

“అక్క ఎడంచేత్తో ఎందుకు తింటోంది బావా అని అడిగాడండి.”



వాళ్ళ సంఘంలో ఒక పద్ధతి ఉంది. గుడిలో సంస్కారపు రొట్టె తీసుకునే ఆదివారానికి ముందు రోజు, సంఘంలో ఎవరికెవరికి పడటంలేదో పెద్దలు వాకబు చేస్తారు. మనసులో పగ పెట్టుకుని ఆ రొట్టె ముట్టుకోకూడదు. అందుకని పడనివాళ్ళని ఎదురెదురుగా నిలబెట్టి, చేతులు కలిపి, ప్రార్థన చేస్తారు. ఇక వాళ్ళు సమాధానపడ్డట్టు. ఆ సంగతి మళ్ళీ ఎత్తకూడదు. ఎత్తితే క్షమించకుండానే రొట్టె తిన్నట్టు. గట్టు తగాదాలకీ కోళ్ళ తగాదాలకీ ఆ మందు బాగానే పనిచేసింది. మొగుడు రోకలితో పెళ్ళాం చెయ్యి విరగ్గొట్టిన తగాదాకి కూడా ఆ మందే వేశారు. వేసినవారు సంఘపెద్ద జ్ఞానానందం మాస్టారు.

ఆ శనివారం పుష్పలతకి ఒక్కటే గుర్తుంది. తండ్రి తమ ఇద్దరి చేతులూ కలుపుతుంటే, నొప్పికి సిద్ధపడి కళ్ళు గట్టిగా మూసుకుంది. నొప్పి పుట్టలేదు. అది దేవుడి దయ అనుకుంది. ఆ దయని నమ్ముకునే, కోర్టులో అడిగినప్పుడు లేదండి అంది.

“ఇప్పుడు చెప్పాలమ్మా,” అన్నారు ప్లీడరుగారు. “సోమవారం బాపట్ల వస్తే నోటరీ ముందు రాయిద్దాం. అప్పుడు లేదని ఇప్పుడు ఉందంటే, అబద్ధపు సాక్ష్యం అని నీ మీద కేసు పెట్టొచ్చు. పెట్టరని నేను చెప్పలేను. ఇంకోటి, నీ ఒక్కదాని మాట చాలదు. తమ్ముడి కోసం అల్లిందంటారు. ఆ ఇంటి మనిషి ఎవరన్నా అవుననాలి.”

“ఆ ఇంట్లో ఇంకెవరున్నారండి?” అంది జ్ఞానమ్మ. “మంగాయమ్మ ఒక్కతే. మొగుణ్ణీ కొడుకునీ ఒక్కరోజే మట్టి చేసిన మనిషి. వాళ్ళని చంపినవాడి కోసం ఆవిడొచ్చి చెప్తుందా?”

“చెప్పకపోతే నా చేతిలో ఏమీ లేదమ్మా. ఢిల్లీలో ఈసారి కాదంటే ఇక మిగిలేది రాష్ట్రపతిగారి దయే,” అంటూ లేచారు వెంకటప్పయ్యగారు.

ఆయన కాఫీ అలాగే ఉండిపోయింది.

రిక్షా మలుపు తిరిగిందో లేదో జ్ఞానమ్మ మొదలుపెట్టింది. ఆమె గొంతు పెంచి తిట్టే మనిషి కాదు. చాటలో బియ్యం పోసుకుని, రాళ్ళు ఏరుతూ, రాయికో మాట చొప్పున వదిలింది.

“మీరు అబద్ధమాడరు. ఊరంతా అదే చెప్పుకుంటారు. నా కొడుకు విషయంలో ఒక్కటంటే ఒక్క అబద్ధం ఆడలేకపోయారు. అల్లుడి విషయంలో మాత్రం ఎంచక్కా ఆడారు.”

“అది అబద్ధం కాదు. క్షమించిన తప్పు లేనట్టే. లేనిదాన్ని లేదన్నాను.”

“లేదా? మరి దాని వేళ్ళేవీ?”

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తుడవాల్సినంత మురికి దానిమీద ఏమీ లేదు.

“సమాధానపడ్డ మాట మళ్ళీ ఎత్తితే, ఇన్నాళ్ళూ నేను కలిపిన చేతులకి అర్థమేంటి జ్ఞానమ్మా? ఎంతమందిని కలిపాను? వాళ్ళంతా రేపు వచ్చి, అయ్యా మాది కూడా విడిపోయింది అంటే?”

“అననివ్వండి. వాళ్ళ కొడుకులెవరూ రాజమండ్రి జైల్లో లేరుగా.”

“వాడు రెండు ప్రాణాలు తీశాడు.”

“తీశాడు. కాదన్నానా? జన్మంతా జైల్లో ఉండనివ్వండి. నేను చచ్చినా రానివ్వకండి. చంపొద్దంటున్నాను, అంతే.”

పుష్పలత కుట్టుమిషను ముందు కూర్చుంది. మిషను చక్రం ఎడమచేత్తో తిప్పి, కుడిచేతి మూడు వేళ్ళతో గుడ్డ తోసింది. తల్లి మాటలూ తండ్రి మాటలూ పక్కింటి రేడియోలా వినబడుతున్నాయి. ఏడుపొస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. నాలుగేళ్ళుగా రావడం లేదు. ఏడవని మనిషిని చూసి ఊరు రెండు రకాలుగా అనుకుంది. మొగుడి మీద ప్రేమ లేదు అని కొందరు, తమ్ముడి మీద జాలి లేదు అని కొందరు. ఆమె ఎవరికీ బదులు చెప్పలేదు.

ఆ పూట ఎవరికి వారే వడ్డించుకుని తిన్నారు.

మర్నాడు శనివారం. జ్ఞానమ్మ అంట్లు తోముతుండగా పుష్పలత చీర మార్చుకుని వచ్చి, “రేపల్లె వెళ్ళొస్తానమ్మా,” అంది.

జ్ఞానమ్మ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. “నేనూ రానా?” అంది చివరికి.

“వద్దు.”

“ఏమన్నా అంటే పడు. తిరిగి ఒక్క మాట అనకు.”

“అననమ్మా.”

రేపల్లె బండి ఎప్పటిలాగే తాపీగా నడిచింది. వేమూరు దాటాక చేలు పచ్చగా, పొట్టకొచ్చి ఉన్నాయి. ఎదురుగా కూర్చున్న ముసలామె, “ఏ ఊరమ్మాయ్ మీది, ఎవరి తాలూకా?” అని అడిగింది. పుష్పలతకి ఏం చెప్పాలో తెలియక “తెనాలండి” అని ఊరుకుంది. ఎవరి తాలూకానో తేల్చుకోవడానికే వెళుతున్నట్టుంది.

రేపల్లెలో దిగి, నగరం వైపు వెళ్ళే బస్సెక్కి, దారిలో ఊరు రాగానే దిగింది. మంగాయమ్మ ఇంటికి వేసిన పాత తాటాకు దడి అలాగే ఉంది. మంగాయమ్మ అరుగు మీద చేటతో మినుములు చెరుగుతోంది. మనిషి సగమైంది. కోడల్ని చూసి చెయ్యి ఆపలేదు.

“వందనాలు అత్తయ్యా.”

“వందనాలు. బొక్కెన్లో నీళ్ళున్నయ్, కాళ్ళు కడుక్కో.”

పుష్పలత కాళ్ళు కడుక్కుని వచ్చి అరుగు చివర కూర్చుంది. మంగాయమ్మ లోపలికెళ్ళి మజ్జిగ తెచ్చి ఆమె ఎడమచేతి వైపు పెట్టింది. ఏ చేతి వైపు పెట్టాలో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

“దారి మర్చిపోయావనుకున్నా.”

“రావడానికి మొహం లేక రాలేదు అత్తయ్యా.”

“ఊఁ. చేలో నువ్వు నాటిన మునగచెట్టు పడిపోయింది, మొన్న గాలికి.” మంగాయమ్మ మళ్ళీ చేట అందుకుంది. “ఎందుకొచ్చావో చెప్పు. ఊరికే రావుగా.”

పుష్పలత ఉన్నదున్నట్టు చెప్పింది. ఢిల్లీ కోర్టు, ఆగిన ఉరి, సోమవారం బాపట్ల, ఆ ఇంటి మనిషి మాట కావాలని ప్లీడరుగారు అన్నది. చెబుతున్నంతసేపూ మినుములు చేటలో ఎగురుతూనే ఉన్నాయి. పొట్టు గాలికి పోయి ఆమె చీర మీద పడింది. దులుపుకోలేదు.

అంతా విని మంగాయమ్మ అంది. “మా ఆయన ఏం చేశాడే?”

పుష్పలత తల వంచుకుంది.

“నా కొడుకు నిన్ను కొట్టాడు. సరే. మా ఆయన ఏం చేశాడు? పక్కన అలికిడైతే ఎవర్రా అని లేచాడు. లేవకపోతే ఇవాళ ఈ అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చుకునేవోడు. ఆ సాయంత్రం కుప్ప కాడికి అన్నం పట్టుకెళ్ళింది నేనే. దోసకాయ పప్పు. ఉప్పు తక్కువైందన్నాడు. రేపు సరిగ్గా వేస్తాలే అన్నా.”

ఆమె ఏడవలేదు. కూరల బేరం చెప్పినట్టు చెప్పింది. మొహాన ఏ మార్పూ లేదు. ఎదురుగా ఉన్నది అద్దమేమో అనిపించింది పుష్పలతకి.

“వాణ్ణి ఉరి తీస్తే నాకేం రాదు. తియ్యకపోయినా ఏం రాదు. పోలీసోళ్ళు వచ్చినా, పాస్టరుగారు వచ్చినా ఇదే చెప్పా. నాకు ఆకలి కూడా సరిగ్గా తెలవట్లేదమ్మాయ్, ఇంక పగేం తెలుస్తుంది?”

“చెప్పమని అడగడానికి నాకు హక్కు లేదు అత్తయ్యా. అడక్కుండా ఉండలేక వచ్చాను.”

మంగాయమ్మ చేట పక్కన పెట్టి, కోడలి కుడిచెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. వంగని రెండు వేళ్ళనీ పట్టి చూసింది.

“సున్నం, పసుపు కలిపి పట్టేసింది నేనే. కట్టు కట్టింది నేనే. గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోదాం అంటే, పండగెళ్ళాక చూద్దాంలే అన్నాడు వాడు. నేనూ ఊరుకున్నా. పండగెళ్ళాక ఎవరు చూస్తారు? మీ నాన్న వచ్చిన రోజుకి కట్టు కింద వేళ్ళు బూరెల్లా వాచి ఉన్నయ్.”

“నాన్న చూడలేదు అత్తయ్యా. నేను కొంగు కప్పుకున్నాను.”

“చూశాడు.”

“లేదు అత్తయ్యా. చూస్తే అలా...”

“నువ్వు కళ్ళు మూసుకున్నావు. నేను మూసుకోలా. మీ నాన్నా మూసుకోలా.” మంగాయమ్మ పుష్పలత వేళ్ళు వదిలి, మణికట్టు పట్టుకుంది. “వాడి చెయ్యి తెచ్చి ఇదుగో, ఇక్కడ పెట్టాడు. ఎవరి చేతులు కలిపినా వేళ్ళలో వేళ్ళు పెడతాడు మీ నాన్న. నాకూ మా తోటికోడలికీ కలిపినప్పుడు అట్టాగే పెట్టాడు. నీకు మాత్రం మణికట్టు మీద పెట్టాడు. కొంగు పక్కకి తీసి, చూసి, వేళ్ళకి తగలకుండా పెట్టాడు. తెలిసినోడు కాబట్టే తగలకుండా పెట్టాడు.”

దూరంగా ఎవరిదో ట్రాక్టరు వెళ్ళింది. పుష్పలత తన మణికట్టు వైపు చూస్తూ కూర్చుంది. నొప్పి పుట్టకపోవడం దేవుడి దయ అనుకుంది ఇన్నాళ్ళూ. దయ కాదు. జాగ్రత్త.

“నేను చెప్తా,” అంది మంగాయమ్మ. “బాపట్ల వస్తా. నా కొడుకు కొట్టేవాడని, చెయ్యి విరగ్గొట్టాడని, నేను చూసి ఊరుకున్నానని వేలిముద్ర వేస్తా. చచ్చినోడికి ఆ మాట తగలదు. కానీ ఒకటి. వాడు చెడ్డోడని నేను చెప్పి, మీ నాన్న మాత్రం నిజం తప్ప ఆడని మాస్టారుగా ఉండిపోతానంటే కుదరదు. రేపు ఆదివారం. మన గుడికి రమ్మను. అప్పుడు సంఘం ముందే మీ ప్రార్థన అయింది కాబట్టి, ఇప్పుడూ సంఘం ముందే నిలబడి, చూసే కలిపానని చెప్పమను. ఆయన చెప్తే సోమవారం పొద్దున్నే నేను బాపట్ల బస్సులో ఉంటా.”

“చెప్పకపోతే?”

“చెప్పకపోతే మినుములు చెరుక్కుంటా.”

పుష్పలత లేచింది. మంగాయమ్మ దడి దాకా వచ్చి, కాసిని మినుములు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చింది. “మీ అమ్మకివ్వు. కొత్తయి,” అంది.

తెనాలి చేరేసరికి పొద్దు వాలింది. మాస్టారు వరండాలో అదే కుర్చీలో ఉన్నారు. జ్ఞానమ్మ గుమ్మంలో ఉంది. ఆమె పొద్దుట్నుంచీ అక్కడే ఉందేమో, కాళ్ళు వాచి ఉన్నాయి. పుష్పలత పొట్లం తల్లి చేతిలో పెట్టి, చెప్పులు విప్పి, తండ్రి ఎదురుగా నిలబడింది.

“మంగాయమ్మగారు వస్తానన్నారు,” అంది.

జ్ఞానమ్మ గుమ్మం పట్టుకుని అక్కడే కూలబడింది.

“అయితే మంచిదే,” అన్నారు మాస్టారు, ఎటో చూస్తూ.

“నాన్నా, ఒకటి అడుగుతాను. ఆ రోజు ఆయన చెయ్యి నా మణికట్టు మీద ఎందుకు పెట్టారు?”

మాస్టారి చూపు గచ్చు మీదకి దిగింది.

“అందరికీ వేళ్ళు కలుపుతారుగా. నాకెందుకు కలపలేదు?”

ఆయన కళ్ళజోడు తీశారు. ఈసారి తుడవలేదు. చొక్కా జేబులో పెట్టుకున్నారు. వీధిలో ఎవరో “వందనాలండి మాస్టారూ” అని పలకరించి వెళ్ళారు. మామూలుగా ఎవరు పలకరించినా చెయ్యెత్తే మనిషి, ఎత్తలేదు.

“చెప్పండి నాన్నా. మీరు అబద్ధమాడరుగా.”

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఆమెకి ఎత్తిపొడవడం కూడా చేతకావడం లేదు. అయినా అది తగలాల్సిన చోటే తగిలింది.

“విరిగిందని తెలిసిందమ్మా,” అన్నారు మాస్టారు. గొంతు ఎవరిదోలా ఉంది. “కట్టు చూశాను. ఆసుపత్రికి తీసుకెళ్ళమని చెప్పాలనుకున్నాను. చెబితే, ఎందుకూ అని అడుగుతారు సంఘంలో. మర్నాడు పండగ. మాస్టారి కూతురి కాపురం అంటారు. పండగ వెళ్ళనిద్దాం అనుకున్నాను. సమాధానపడ్డారుగా, సర్దుకుంటారు అనుకున్నాను. అతను కూడా పండగెళ్ళాక చూపిస్తానన్నాడు.”

“తమ్ముడు చూశాడు,” అంది పుష్పలత. “మర్నాడు పండగ భోజనాల్లో నేను ఎడంచేత్తో అన్నం తింటుంటే చూశాడు. పదిమందిలో అడిగాడు. మీరు అక్కడే ఉన్నారు, నా పక్క బెంచీలో.”

“ఉన్నాను.”

“వాడికి దెబ్బ పడినప్పుడు కూడా ఉన్నారు.”

“ఉన్నానమ్మా.”

“మీరప్పుడు ఒక్క మాట అంటే వాడు గొడ్డలి పట్టుకునేవాడు కాదు నాన్నా. మీరు అనలేదు కాబట్టి వాడు పట్టుకున్నాడు.”

జ్ఞానమ్మ చేతిలో పొట్లం జారి మినుములు గచ్చంతా పరుచుకున్నాయి. ఎవరూ వంగి ఏరలేదు.

పుష్పలత మంగాయమ్మ షరతు చెప్పింది. రేపు రేపల్లె దగ్గర గుడిలో, ఆయన చేతులు కలిపిన ఆ సంఘం ముందు, చూసే కలిపాను అని చెప్పాలి. ఆయన చెబితే ఆవిడ బాపట్ల వస్తుంది. లేకపోతే రాదు. ఆవిడ రాకపోతే ప్లీడరుగారు పంపడానికి ఒక్క అక్క మాట తప్ప ఇంకేమీ ఉండదు.

మాస్టారు కుర్చీలోంచి లేచారు. లేవడానికి కుర్చీ చేతులు పట్టుకోవాల్సి వచ్చింది. కూతురి ఎదురుగా నిలబడి, చేతులు కట్టుకుని, తల వంచుకున్నారు.

అలాగే నిలబడిపోయారు.

పుష్పలతకి ఆ నిలబడటం తెలుసు. చిన్నప్పటి నుంచీ ప్రతి ఆదివారం చూసిందే. గుంటూరు కోర్టులో, ఆడవాళ్ళ బెంచీలోంచి మనుషుల భుజాల మధ్యగా, తమ్ముణ్ణి ఆఖరిసారి అలాగే చూసింది. అదే వంగిన మెడ, అవే కట్టుకున్న చేతులు. వాడికీ ఈయనే నేర్పారు. ఇప్పుడు ఈయన ఎదురుచూస్తున్నారు. తర్వాత రావాల్సిన మాట ఏంటో ఆమెకి కంఠతా వచ్చు. రెండు ముక్కల మాట. చెబితే ఆయన తల ఎత్తుతారు.

ఆమె నోరు తెరిచింది. ఆ మాట రాలేదు. కోపం వల్ల కాదు. లోపల వెతికితే అక్కడ ఏమీ లేదు, వంగని ఆ రెండు వేళ్ళలాగే.

“ఏవండీ,” అంది గుమ్మంలోంచి జ్ఞానమ్మ, సన్నగా. “రేపు వెళతారా? అది చెప్పండి.”

ఆయన పలకలేదు. ఒప్పుకున్నవాడు మధ్యలో మాట్లాడకూడదు.

పుష్పలత లోపలికెళ్ళి పెట్టెలోంచి తండ్రి తెల్లచొక్కా తీసింది. ఇస్త్రీపెట్టెలో బొగ్గులు వేసి రాజేసింది. బల్ల మీద దుప్పటి మడిచి, చొక్కా పరిచి, వంగని వేళ్ళతో కాలరు అదిమిపట్టి, ఎడమచేత్తో ఇస్త్రీ చెయ్యడం మొదలుపెట్టింది.

“రేపల్లె బండి పొద్దున్నే నాన్నా,” అంది అక్కడి నుంచే. “చొక్కా సిద్ధంగా ఉంటుంది.”

ఆమె చొక్కా తిరగేసి రెండో వైపు మొదలుపెట్టింది. గుమ్మంలోంచి చూస్తే ఆయన ఇంకా తల వంచుకునే ఉన్నారు.